రెండు అంగుళాల వెలుతురు

ముందు గది,
ఆగస్టు 4

చెల్లీ,

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వూ, మరిదిగారూ, నీ రెండు మిషన్లూ బాగానే ఉన్నారనుకుంటాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావేమో. ఇది కొలతల సంగతి. కొలతలు నోటితో చెప్పకూడదు, కాగితం మీద పెట్టాలి అని అమ్మ మనిద్దరికీ నూరిపోసింది కదా. పైగా మా ఇద్దరికీ ఉన్న ఒక్క ఫోనూ ఎప్పుడూ మీ బావగారి పక్కనే ఉంటోంది.

మా ముందు గదిలో వీధిలోకి పొడుచుకొచ్చిన కిటికీ ఉంది కదా, మేం పెట్టె కిటికీ అంటామే, దానికి తెరలు కుట్టించాలనుకుంటున్నాను. మూడు అద్దాలూ మూడు వైపులకి తిరిగి ఉంటాయని నీకు గుర్తుండే ఉంటుంది. ఎడమవైపుది, కుడివైపుది సన్నవి. మధ్యది వెడల్పు. కింద కూర్చునే చెక్క బల్ల ఉంది, తెర దాని మీదికి ఆనేలా దిగాలి. ఎండకి సోఫా గుడ్డ వెలిసిపోతోంది. దుమ్ము కూడా ఎక్కువైంది. మీ బావగారికి ఈ మధ్య వెలుతురు కళ్లకి సరిగ్గా పడటం లేదు. ఆయన కొన్నాళ్లు సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటున్నారు. బడి బస్సు నడపడం మొదలుపెట్టాక ఇరవై ఆరేళ్లలో ఇదే మొదటి పొడుగు సెలవు. మిగతా అంతా బాగానే ఉంది.

కొలతలు అమ్మ టేపుతోనే తీశాను. ఒకసారి పొద్దున, ఒకసారి మధ్యాహ్నం, మళ్లీ మర్నాడు. మూడుసార్లూ ఒకటే వచ్చింది.

ఎడమ అద్దం వెడల్పు ఇరవై రెండు అంగుళాలు.
మధ్యది యాభై ఎనిమిది.
కుడిది ఇరవై రెండు.
పైనుంచి బల్ల దాకా పొడవు యాభై నాలుగు.

మందం గుడ్డ కావాలి. వెనక లైనింగు కూడా వెయ్యి. బయటివాళ్లకి లోపలి మనిషి నీడ కూడా తెలియకూడదు. తొందరేం లేదు, కానీ ఈ నెలాఖరులోపు అయితే బాగుంటుంది.

అక్క


కుట్టు దుకాణం,
గురువారం అనుకుంటా

కొలతల అక్కయ్యకి,

నీ ఉత్తరం చూసి మీ మరిది "మీ అక్కయ్య ఉత్తరం కాదు, ఇంటి పటం పంపింది" అన్నారు. మర్యాదగా కూర్చుని చదవమన్నాను.

పద్నాలుగేళ్లుగా ఆ కిటికీకి తెర కట్టమని నేను మొత్తుకుంటే, "ఈ కిటికీ చూసే ఇల్లు కొన్నాం, దీనికి ముసుగేస్తే ఇంక ఇల్లెందుకు" అన్నది ఎవరు? ఆ బల్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ వీధిలో ఎవరు ఎన్నింటికి వెళ్లారో చెప్పేదానివి. ఇప్పుడు నీడ కూడా తెలియకూడదా? ఎండ నిన్న మొన్న మొదలైందా అక్కయ్యా?

సరే, పని సంగతి. ఇలాంటి కిటికీకి ఒకటే రాడ్డు వంచి పెడితే మూలల దగ్గర రింగులు ఇరుక్కుంటాయి. రోజూ కుర్చీ ఎక్కి కర్రతో పొడవాల్సి వస్తుంది. మూడు రాడ్లు వేరువేరుగా పెట్టించు. మూలల్లో ఒక తెర పక్క తెర మీదికి కొంచెం ఎక్కేలా కుడతాను, సందులోంచి వెలుతురు రాదు.

రెండు గుడ్డ ముక్కలు ఈ కవర్లో పెట్టాను. పల్చటి మీగడ రంగుది నా ఇష్టం. పగలు నువ్వు లోపలినుంచి వీధి అంతా చూడొచ్చు, వీధివాళ్లకి నువ్వు కనబడవు. సాయంత్రం దీపం వేశావంటే మాత్రం తిరగబడుతుంది, నువ్వు కనబడతావు, వీధి కనబడదు. ఇది ముందే చెప్పకపోతే నన్ను తర్వాత తిడతారు, అందుకే అందరికీ చెబుతాను. రెండోది ముదురు ఆకుపచ్చ, నువ్వడిగిన మందం. లైనింగుతో కలిపితే మిట్టమధ్యాహ్నం కూడా గదిలో దీపం కావాలి.

ఒకటి చెప్పు. ఆ కిటికీలోంచి ఇప్పుడు ఏం కనబడుతోంది?

నీ పిచ్చుక


ముందు గది,
ఆగస్టు 13

చెల్లీ,

ఆకుపచ్చదే కానివ్వు. రాడ్లు బిగించే మనిషి రేపు వస్తానన్నాడు, మూడూ వేరువేరుగానే చెప్పాను.

కిటికీలోంచి ఏం కనబడుతోందని అడిగావు. ముందునుంచీ కనబడేదే. ఎడమ అద్దంలోంచి చూస్తే మా గోడ పక్కన, పది అడుగుల దూరంలో, బడి బస్సు ఆగే చోటు. పొద్దున ఏడూ నలభైకి పిల్లలు, వాళ్లని దింపడానికి వచ్చిన పెద్దవాళ్లు అక్కడ నిలబడతారు. ఇదివరకు ఆ బస్సు మీ బావగారిది. ఇప్పుడు వేరే ఆయన నడుపుతున్నాడు.

జూలై పదిహేడున ఒక చిన్న సంఘటన జరిగింది. సాయంత్రం మా వీధిలో పిల్లల్ని దింపుతున్నారు. బస్సు ఆయా వెనక సీట్లో ఎవరో పిల్ల వాంతి చేసుకుంటే అక్కడ ఉంది. రెండు జడల పిల్ల ఒకతి, ఏడేళ్లది, దిగి రెండడుగులు వేసి, టిఫిను డబ్బా మూత పడిపోయిందని మళ్లీ వెనక్కి వంగింది. అప్పుడే బస్సు కదిలింది. మెట్టు తగిలి పడిపోయింది. చెయ్యి రెండు చోట్ల విరిగింది. వేరే ఏమీ కాలేదు.

మీ బావగారు, "నాకు కనబడలేదు" అన్నారు. ఆ పిల్లేమో, "నేను చెయ్యి ఊపాను, మావయ్య అద్దంలో నన్ను చూశాడు, చూసే పోనిచ్చాడు" అంటోంది. ఇద్దరూ మాట మార్చడం లేదు. వీధిలో సగం మంది ఈయన్నీ, సగం మంది ఆ పిల్లనీ అనుమానిస్తున్నారు. బడి కమిటీ విచారణ సెప్టెంబరు పందొమ్మిదిన. అప్పటిదాకా సెలవు అన్నారు, అది మనం పెట్టిన సెలవు కాదు.

రోజూ ఏడున్నరకల్లా ఈయన చొక్కా ఇస్త్రీ చేయించుకుని తొడుక్కుని ఆ బల్ల మీద కూర్చుంటారు. బస్సు వచ్చి వెళ్లేదాకా లేవరు. బయటివాళ్లు ఈయన్ని చూస్తారు, చూసి మొహం తిప్పుకుంటారు. పోయిన నెలాఖర్లో ఒకాయన తన కూతుర్ని అటువైపు నుంచి తన వెనక్కి లాక్కున్నాడు. అది నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను. ఆ రోజే టేపు తీశాను.

ఇంక ప్రశ్నలు వెయ్యకు. తెరలు పంపు.

అక్క


కుట్టు దుకాణం,
పార్సిలుతో పాటు

అక్కయ్యా,

మూడూ నేనే కత్తిరించాను, నేనే కుట్టాను. పనివాళ్ల చేతికి ఇవ్వలేదు. కొలతలు సరిచూసుకున్నాను, ఆ దిగులు పెట్టుకోకు. తగిలించే ముందు ఒక రోజు మంచం మీద పరిచి ఉంచు, మడతలు పోతాయి. ఇస్త్రీ లైనింగు వైపునుంచే.

బావగారు అబద్ధమాడే మనిషి కాదు. నా పెళ్లిలో మా అత్తగారు కూర ఎలా ఉందని అడిగితే "ఉప్పు తక్కువైందండీ" అని విస్తరి ముందే చెప్పిన మనిషి. ఆ పిల్ల గురించి నాకేం తెలియదు. కానీ ఏడేళ్ల పిల్ల విరిగిన చెయ్యితో పట్టుబట్టి ఒకే అబద్ధాన్ని నెలరోజులు ఎందుకు చెబుతుంది?

వెయ్యొద్దన్నావు కాబట్టి ప్రశ్న వెయ్యడం లేదు. ఊరికే రాస్తున్నాను.

నీ పిచ్చుక


ముందు గది,
ఆగస్టు 30

చెల్లీ,

తెరలు అందాయి. కుట్టు చాలా బాగుంది. మూలలు నువ్వు చెప్పినట్టే ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. కానీ పొడవు తగ్గింది. మూడూ సరిగ్గా రెండు అంగుళాలు పైకి ఉన్నాయి. బల్లకీ తెరకీ మధ్య వేలు కాదు, మూడు వేళ్లు పడుతున్నాయి.

నీ పనిలో ఎప్పుడూ ఇలా జరగలేదు. కాబట్టి తప్పు నాదేనని మళ్లీ కొలిచాను. యాభై నాలుగే. రోజూ రాసుకునే నా పుస్తకంలోనూ యాభై నాలుగే ఉంది. ఉత్తరంలో నేనేమైనా తప్పు రాశానా? నా నాలుగు రెండులా ఉంటుందా? నిన్నంతా అదే ఆలోచిస్తూ పప్పు మాడబెట్టాను. ఈ మధ్య నా లెక్క మీద నాకే నమ్మకం పోతోంది.

గది ఎలా ఉందో చెప్పనా? పగలు పదింటికి దీపం వేసుకుని కూర్చుంటున్నాం. మొదటి రోజు మీ బావగారు కాసేపు మూసిన తెర ముందు నిలబడి, వెళ్లి పడుకున్నారు. నాకు ప్రాణం కుదుటపడింది. రెండో రోజు పొద్దున నేను పాలు దించి వచ్చేసరికి ఆయన ముక్కాలి పీట లాక్కుని నేల మీదికి దాదాపుగా వంగి కూర్చున్నారు. గడ్డం బల్ల మీద ఆనించి ఉన్నారు. తెర కింది ఆ రెండు అంగుళాల సందులోంచి చూస్తున్నారు.

యాభై తొమ్మిదేళ్ల మనిషి అలా కూర్చుని ఉంటే చూడలేక లోపలికి వచ్చేశాను.

ఇంకో సంగతి. ఆ సందు పెద్దవాళ్ల కళ్లకి అందదు, వీధిలోంచి చూస్తే వాళ్ల నడుము దగ్గర ఉంటుంది. అందేది పిల్లలకే. రెండు జడల పిల్ల కట్టు చెయ్యితో మళ్లీ బడికి వెళుతోంది. మొన్న పొద్దున తెర కింద రెండు కళ్లు కనబడ్డాయి. తన కళ్లు సరిగ్గా బల్ల ఎత్తులో ఉన్నాయి. ఈయన కదల్లేదు, అదీ కదల్లేదు. నేను గబగబా వచ్చి ఒక దిండు తెచ్చి సందుకి అడ్డం పెట్టాను. మర్నాటికి దిండు సోఫా మీద ఉంది.

ఈ పొడవు ఎలా సరిచెయ్యాలో వెంటనే రాయి. విచారణకి ఇంక ఇరవై రోజులే ఉంది.

అక్క


కుట్టు దుకాణం,
నీ ఉత్తరం వచ్చిన రోజే

అక్కయ్యా,

చదివి నెత్తి కొట్టుకున్నాను, ఆ తర్వాత నవ్వొచ్చింది. నవ్వినందుకు ఏమీ అనుకోకు.

అమ్మ టేపు. ముందు రెండు అంగుళాలు ఇస్త్రీపెట్టె కింద కాలిపోతే అమ్మ కత్తిరించి పారేసింది చూడు. అది మూడో అంకె ముందు నుంచి మొదలవుతుంది. దాంతో కొలిస్తే ఎప్పుడూ రెండు ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి వచ్చినదాంట్లోంచి రెండు తీసెయ్యాలి. నువ్వు తీసేసి యాభై నాలుగు రాశావు. నేనేమో "అమ్మ టేపుతో తీశాను" అన్న నీ మాట చూసి, పాపం అక్కయ్య తొందరలో తీసెయ్యడం మర్చిపోయి ఉంటుందని మళ్లీ రెండు తీసేశాను. సరిచూసుకున్నాను అని రాశానే, అదే నా సరిచూడటం. వెడల్పులో కూడా తీశాను, కానీ ముడతలకి రెట్టింపు గుడ్డ పడుతుంది కాబట్టి అక్కడ తెలియలేదు. పొడవులో బయటపడింది. లోకంలో ఇంకెవరు కుట్టినా ఈ తప్పు జరగదు. ఆ టేపు సంగతి ఇద్దరికీ తెలియడం వల్ల వచ్చిన తప్పు ఇది.

మూడింటికీ కింద కలపడానికి అదే గుడ్డతో పట్టీ పంపుతున్నాను. చేత్తోనే కుట్టెయ్యి, అతుకు తెలియకుండా మడత లోపలికి పెట్టు.

ఇప్పుడు నా తప్పు ఇంకోటి. ప్రమాదం సంగతి నాకు నీ రెండో ఉత్తరం కంటే ముందే తెలుసు. మీ మరిది స్నేహితుడొకడు బస్సులు బాగుచేసే చోట పని చేస్తాడు, అతను చెప్పాడు. నువ్వే చెబుతావని ఆగాను. చెప్పకపోతే కోపం తెచ్చుకోవచ్చని కూడా ఆగాను, నిజం చెప్పాలంటే.

అందుకే నీ మొదటి ఉత్తరం మళ్లీ తీసి చదివాను. "బాగానే" అని మూడుసార్లు రాశావు. నువ్వు బాగున్నప్పుడు ఆ మాట ఒక్కసారే రాస్తావు. ఆ మూడు బాగానేల మధ్య, బావగారికి వెలుతురు కళ్లకి సరిగ్గా పడటం లేదు అని ఒక ముక్క ఉంది. తర్వాత ఉత్తరాల్లో ఆ ముక్క మళ్లీ లేదు. పాలవాడు ఐదు నిమిషాలు ఆలస్యమైతే పుస్తకంలో రాసుకునే దానివి. బావగారి కళ్ల గురించి నీ పుస్తకంలో ఏం రాసుంది అక్కయ్యా?

నీ పిచ్చుక


వంటిల్లు,
సెప్టెంబరు 9

చెల్లీ,

ఇది వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. పట్టీ అందింది. ఇంకా కుట్టలేదు.

నువ్వడిగినదానికి జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దింపుతున్నాను.

ఫిబ్రవరి 11. ఎడమ చేతి పక్కన పెట్టిన మంచినీళ్లు చూడలేదు. నీళ్లు పెట్టలేదేం అని అడిగారు.
ఫిబ్రవరి 26. గుమ్మం ఎడమ ద్వారబంధానికి భుజం తగిలింది.
మార్చి 9. మళ్లీ తగిలింది.
మార్చి 30. పేపరు చదువుతూ వరస మొదట్లో మాటలు వదిలేశారు. అచ్చు సరిగ్గా లేదన్నారు.
ఏప్రిల్ 18. నేను ఎడమవైపునుంచి వచ్చి నిలబడ్డాను. నేను మాట్లాడేదాకా తెలియలేదు.

ఇలా జూలై పదిహేను దాకా పద్నాలుగు ఉన్నాయి. మిగిలినవి రాయలేను.

ఏప్రిల్‌లో ఒకసారి అడిగాను. "డాక్టరుకి చూపిద్దాం, బస్సు నడిపే మనిషి మీరు" అన్నాను. ఏటా జరిగే పరీక్షలో ఎదురుగా పెట్టిన అక్షరాలన్నీ చదివానని, రిటైరవడానికి ఇంకా ఏడాదిన్నరే ఉందని, కాస్త ఆగమని అన్నారు. తల కాస్త ఎక్కువ తిప్పితే సరిపోతుందన్నారు. నేను ఆగాను. ఆగి, రాసుకున్నాను. రాసుకుంటే ఏదో చేస్తున్నట్టే ఉండేది.

"నాకు కనబడలేదు" అని ఆయన చెప్పింది నిజం. ఎందుకు కనబడలేదో చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తెర అడిగింది ఆయన్ని జనం చూడకూడదని మాత్రమే కాదు. ఆ కిటికీలో రోజంతా కూర్చుంటే, ఎడమవైపు వచ్చినవాళ్లకి ఆయన తల తిప్పకపోవడం ఎవరో ఒకరు కనిపెడతారని భయం.

కనిపెట్టారు. ఆ పిల్లే.

నాలుగు రోజులు వరసగా వచ్చింది. వాళ్ల నాన్న ఫోన్ మాట్లాడుతూ ఉంటాడు, ఇది మా గోడ వెంబడే వచ్చి తెర సందు దగ్గర నిలబడుతుంది. మంచి చెయ్యి ఊపుతుంది. మొదటి రోజు మీ బావగారు ఏమీ చెయ్యలేదు. అది కాస్త జరిగి కుడి అద్దం దగ్గరికి వచ్చి మళ్లీ ఊపింది. ఈయన బల్ల మీద రెండు వేళ్లు లేపారు. అది మళ్లీ ఎడమకి వెళ్లి ఊపింది. ఈయన అది నిలబడిన చోటే చూస్తున్నట్టు ఉన్నారు, వేళ్లు లేవలేదు. కుడికి వచ్చింది, లేచాయి. ఆటలా ఉంది. ఈయన పెదవి మీద చిన్న నవ్వు కూడా ఉంది. దోబూచులాట అనుకున్నారేమో. ఆ పిల్ల మొహంలో మాత్రం నవ్వు లేదు.

ఐదో రోజు అది కిటికీ దగ్గరికి రాలేదు. తలుపు కొట్టింది. నేను తీశాను.

"అత్తయ్యా, మావయ్యకి ఇటు పక్క కనబడదా?" అంది, కట్టు చెయ్యి వైపు చూపిస్తూ.

నేను తలుపు సగం దగ్గరికి వేశాను.

"అయితే ఆ రోజు ఆయన చూసింది నన్ను కాదా?"

"బస్సు వచ్చే వేళైంది, వెళ్లు తల్లీ," అన్నాను.

అది వెళ్లలేదు. "నేను అబద్ధం చెప్పానని పెద్ద టీచరు నాతో కాగితం రాయించారు. సారీ అని రాశాను. అది మావయ్యకి ఇచ్చారా?" అని అడిగింది.

ఇవ్వలేదని చెప్పాను. అది తలూపి వెళ్లిపోయింది.

చెల్లీ, ఆయన అద్దం వైపు తల తిప్పిన మాట నిజం. ఆ పిల్ల చూసిన మాటా నిజం. అద్దంలో పిల్ల ఉన్న సగం ఆయనకి అందలేదు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరం ఒకే ఇంట్లో తెర వేసుకుని కూర్చున్నాం, ఏడేళ్ల పిల్ల చేత సారీ రాయించారు.

చెబితే ఆయన ఇంక ఏ బండీ ఎక్కరు. ఇరవై ఆరేళ్ల మంచి పేరు పోయి, కళ్లు లేకుండా పిల్లల్ని తిప్పినవాడు అన్న పేరు వస్తుంది. చెప్పకపోతే ఉద్యోగం ఉంటుంది, ఎందుకంటే పిల్ల తన మాట వెనక్కి తీసుకున్నట్టు కాగితం ఉంది. మళ్లీ ఆయన ఆ బస్సు ఎక్కుతారు.

ఈ ఆఖరి వాక్యం రాసి కాసేపు ఆగాను. ఏం చెయ్యమంటావు?

అక్క


కుట్టు దుకాణం,
సెప్టెంబరు 13

అక్కయ్యా,

ఈసారి తేదీ వేశాను, చూడు.

ఏం చెయ్యాలో నేను చెప్పను. చెబితే, రేపు నీకు కష్టమైనప్పుడు నా మీద పెట్టుకుంటావు. అలా పెట్టుకున్నా నాకేం ఇబ్బంది లేదు గానీ, నీకు పనికిరాదు.

నీ పెళ్లయ్యాక జరిగింది ఒకటి చెబుతాను. నీకు తెలియదు, అమ్మ చెప్పొద్దంది. అమ్మకి జ్వరం వచ్చి పడుకుంది. బడివాళ్లు ఏడు యూనిఫారం గౌన్లకి కొలతలు కాగితం మీద రాసి పంపారు. నేను అమ్మ టేపు తీసి గుడ్డ కత్తిరించాను. ముప్ఫై ఉంటే ముప్ఫై అంకె దగ్గర కోశాను. అప్పటికి ఆ టేపు సంగతి నాకు తెలియదు. అమ్మకి చేతి అలవాటు అయిపోయి, ఎవరికైనా చెప్పాలన్న ధ్యాసే లేదు. ఏడు గౌన్లూ రెండేసి అంగుళాలు పొట్టి. పిల్లల తల్లులు వచ్చి గుమ్మంలో నిలబడి నన్ను నానా మాటలూ అన్నారు. కత్తెర పట్టుకోవడం రానిదాన్ని దుకాణంలో ఎందుకు కూర్చోబెట్టారన్నారు. నాకు పదిహేడేళ్లు. గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

అమ్మ దుప్పటి కప్పుకునే బయటికి వచ్చింది. టేపు వాళ్ల ముందు పెట్టి, "ఇది కాలిపోయిందని నాకు తెలుసు, ఈ పిల్లకి తెలియదు. దీన్ని అనకండి, నన్ను అనండి," అంది. అంతే. అన్నారు కూడా. బాగా అన్నారు. రెండు నెలలు ఆ బడి పని రాలేదు. నేను మాత్రం ఆ సాయంత్రమే మళ్లీ కత్తెర పట్టుకున్నాను. అమ్మ ఆ మాట అనకపోతే ఈ దుకాణం ఉండేది కాదు.

మిగతాది నువ్వే చూసుకో. పట్టీ కుట్టాలనిపిస్తే కుట్టు. వద్దనిపిస్తే వద్దు.

నీ పిచ్చుక


ముందు గది,
అక్టోబరు 1

చెల్లీ,

విచారణ ముందు రోజు సాయంత్రం నా పుస్తకం తీసుకెళ్లి ఆయన పక్కన బల్ల మీద పెట్టాను. కావాలని ఎడమవైపు పెట్టాను. పది నిమిషాలు ఆయన ఎదురుగానే కూర్చున్నాను. ఆయనకి అక్కడ పుస్తకం ఉందని తెలియలేదు. అప్పుడు దాన్ని కుడివైపుకి జరిపాను.

పద్నాలుగూ చదివారు. చాలాసేపు పట్టింది, వరస మొదట్లో మాటల కోసం తల తిప్పుకుంటూ చదివారు.

"పద్నాలుగుసార్లు రాశావు. రెండోసారి అడగలేకపోయావా?" అన్నారు.

"అడిగితే మీరు మళ్లీ ఆగమంటారని తెలుసు. నాకూ ఆగాలనే ఉంది," అన్నాను.

ఆ పిల్ల తలుపు దగ్గర అడిగిన రెండు ప్రశ్నలూ, సారీ రాసిన కాగితం సంగతీ అప్పుడు చెప్పాను. అది దోబూచులాట కాదా అని ఒక్కసారి అడిగారు. కాదన్నాను.

మర్నాడు ఆయన ఖాకీ చొక్కా వేసుకోలేదు, మామూలు తెల్ల చొక్కా వేసుకున్నారు. పుస్తకం ఆయనే చేతిలో పట్టుకున్నారు. బడి ఆఫీసు గదిలో పెద్ద టీచరు, కమిటీవాళ్లు నలుగురు, పిల్ల, వాళ్ల నాన్న ఉన్నారు. పిల్ల రాసిన కాగితం బల్ల మీద ముందే పెట్టి ఉంది. పెద్ద టీచరు, "ఇది ఉంది కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు," అని మొదలుపెట్టారు. ఈయన లేచి నిలబడి, "ఆ పాప చెప్పిందే సరైంది. నేను అటు చూశాను. నాకు ఎడమ పక్క కనబడదు. ఫిబ్రవరి నుంచి తెలుసు," అన్నారు. పుస్తకం ఆ కాగితం మీద పెట్టారు. ఎవరి చేతిరాత అని అడిగితే నాదని నేను చెప్పాను. ఇంట్లోవాళ్లకి తెలిసి కూడా ఊరుకున్నారా అని ఒకాయన అడిగారు. అవునండీ అన్నాను. ఆ గదిలో అందరూ నా వైపు చూసిన చూపు నువ్వు ఊహించుకోగలవు. రాయను.

పిల్ల వాళ్ల నాన్న ఆ కాగితాన్ని బల్ల మీదనుంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, పిల్ల మంచి చెయ్యి పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. క్షమించినట్టు కాదు. నేను ఆశించలేదు కూడా. పిల్ల గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, ఆయనకి కుడివైపు ఉండేలా రెండడుగులు జరిగి చెయ్యి ఊపింది.

లైసెన్సు వెనక్కి ఇచ్చేశారు. ఉద్యోగం అయిపోయింది. కంటి డాక్టరు, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది పోకుండా చుక్కల మందు వేసుకోవాలి, ఫిబ్రవరిలోనే వచ్చి ఉంటే ఇంకా చాలా మిగిలేది అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఈయన నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. రోజుకి మూడుసార్లు చుక్కలు నేనే వేస్తున్నాను. తల వెనక్కి వాల్చి కూర్చుంటారు, వేశాక లేచి వెళ్లిపోతారు. పందొమ్మిది నుంచి నాతో ఒక్క మాట లేదు. వీధిలోవాళ్లు పలకరించడం మానేశారు. కూరగాయలకి నేను రెండు వీధుల అవతలికి వెళుతున్నాను.

నువ్వు పంపిన పట్టీ అతికించలేదు. ఆకుపచ్చ తెరల్ని పక్కకి లాగి, దాన్నే మూడు ముక్కలు చేసి వాటికి కట్టాను. నిన్న పొద్దున అలా కట్టి ఉండగా ఆయన చూశారు. నీ మొదటి కవర్లో వచ్చిన మీగడ రంగు గుడ్డ ముక్క నా పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాను, అది తీసి కిటికీ అద్దానికి ఆనించి కాసేపు అందులోంచి వీధిలోకి చూశారు. తర్వాత చెప్పులు వేసుకుని బయటికి వెళ్లి ఒక కొత్త టేపు కొనుక్కొచ్చారు. ముక్కాలి పీట ఎక్కారు. నేను పెన్సిల్ తీసుకున్నాను. ఆయన కొలిచి చెబుతుంటే నేను రాశాను. పదకొండు రోజుల తర్వాత ఆయన నాతో అన్న మాటలు ఇవే.

ఇరవై రెండు.
యాభై ఎనిమిది.
ఇరవై రెండు.
యాభై నాలుగు.

పల్చటి గుడ్డే పంపు. దీపం వేశాక వీధివాళ్లకి కనబడతామని నువ్వు చెప్పింది గుర్తుంది. కనబడనీ.

ఇవి కొత్త టేపు కొలతలు. ఇందులోంచి నేనేమీ తీసెయ్యలేదు. నువ్వూ తీసెయ్యకు.

అక్క